చార్లెస్టన్‌లో ఇద్దరికి రెండు రాత్రులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా ఆగ్నేయ తీరంలో సౌత్ కరోలినా రాష్ట్రంలో ఉన్న పాత రేవు పట్టణం చార్లెస్టన్. 1670లో మొదలైన ఊరు. ఆష్లీ, కూపర్ నదుల మధ్య సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నటి నేల మీద పాత ఊరంతా ఉంటుంది. షార్లెట్, అట్లాంటా, రాలీల్లో ఉండే మనవాళ్లు చాలామంది లాంగ్ వీకెండ్‌కి కారులో వెళ్లొస్తారు. ఈసారి శీర్షికలో దంపతులుగా అక్కడికి వెళ్లదలచినవారి ప్రశ్నలకు జవాబులు.

మేం షార్లెట్‌లో ఉంటాం. పదో పెళ్లిరోజుకి పిల్లల్ని అమ్మానాన్నల దగ్గర వదిలి, ఇద్దరమే రెండు రాత్రులు చార్లెస్టన్ వెళ్దామనుకుంటున్నాం. ఏ నెల మంచిది? ఎలా తిరగాలి? – ఒక పాఠకురాలు, షార్లెట్

మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు అజేలియా పూలు విరగబూస్తాయి. అందానికి అదే సమయం, హోటల్ ధరలు మండిపోయేదీ అప్పుడే. పూలు లేకపోయినా ఫరవాలేదనుకుంటే అక్టోబరు చివర, నవంబరు నెలలు హాయిగా ఉంటాయి. తేదీలు ఖాయం చేసుకునే ముందు రెండు విషయాలు చూసుకోండి. వసంతంలో ఒక శనివారం కూపర్ రివర్ బ్రిడ్జ్ రన్ జరుగుతుంది. వేలమంది పరుగెత్తడానికి వస్తారు, కూపర్ నది మీది రావెనెల్ వంతెనను ఆ ఉదయం వాహనాలకు మూసేస్తారు. మే చివరి నుంచి జూన్‌లోకి 17 రోజులపాటు స్పొలేటో సంగీత, నాటకోత్సవం నడుస్తుంది. 1977 నుంచి జరుగుతున్న పెద్ద ఉత్సవం ఇది. దానికోసమే వెళ్తుంటే సరే, లేకపోతే ఆ రోజుల్లో గది దొరకడమే కష్టం.

కారులో మూడున్నర గంటల దారి. ఐ-77 మీద కొలంబియా దాకా, అక్కడి నుంచి ఐ-26. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే కొలంబియా దగ్గర ఒకసారి, నార్త్ చార్లెస్టన్ దగ్గర ఇంకోసారి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. వీలుంటే బుధ, గురువారాల్లో వెళ్లండి. గదులు చవక, హోటళ్లలో టేబుళ్లు దొరుకుతాయి, వీధులు ఖాళీగా ఉంటాయి.

బస మాత్రం పాత ఊరిలోనే పెట్టుకోండి, కాల్హూన్ స్ట్రీట్‌కి దక్షిణంగా. వంతెన అవతల మౌంట్ ప్లెజెంట్‌లో గదులు తక్కువకి వస్తాయి కానీ, రోజూ రెండుసార్లు వంతెన దాటడం, పార్కింగ్ వెతుక్కోవడం, భోజనం అయ్యాక మళ్లీ డ్రైవింగ్. పెళ్లిరోజు రాత్రి భోజనం చేసి, దీపాల వెలుగులో గదికి నడిచి వెళ్లగలగడమే ఆ ఊరికి వెళ్లినందుకు దక్కే సుఖం. రెండు రాత్రుల కోసం దాన్ని వదులుకోవద్దు.

ఇక అసలు సంగతి: ముందు రాత్రి భోజనాలు బుక్ చేసుకోండి, తర్వాత వాటి చుట్టూ మిగతావి అమర్చుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పేరున్న రెస్టారెంట్లు చాలావరకు సుమారు 30 రోజుల ముందు ఆన్‌లైన్‌లో బుకింగ్ తెరుస్తాయి, ఏడు గంటల టేబుళ్లు వెంటనే అయిపోతాయి. దొరక్కపోతే సాయంత్రం ఐదింటికి తలుపులు తీసేసరికి వెళ్లి బార్ దగ్గర కూర్చోండి. అక్కడ రిజర్వేషన్ అడగని చోట్లు చాలా ఉన్నాయి, మెనూ మాత్రం అదే. ఆది, సోమవారాల్లో కొన్ని మూసి ఉంటాయి, ముందే చూసుకోండి.

మొదటి ఉదయం నడకకి ఈ దారి పట్టండి. ఏడున్నరకల్లా వాటర్‌ఫ్రంట్ పార్కులో అనాసపండు ఆకారపు ఫౌంటెన్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఈస్ట్ బే స్ట్రీట్‌లో దక్షిణంగా వెళ్తే రెయిన్‌బో రో వస్తుంది: వరుసగా 13 ఇళ్లు, ఒక్కోటి ఒక్కో లేత రంగు. ఈ ఇళ్ల ముఖాలు తూర్పువైపు కాబట్టి వెలుగు పొద్దున్నే బాగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక నీడలోకి పోతాయి, ఫొటోలు డల్‌గా వస్తాయి. వాటిలో జనం కాపురం ఉంటున్నారు. మెట్లెక్కి ఫొటోలు దిగొద్దు.

అలాగే ముందుకు పోతే సముద్రపు గోడ మీద నడకదారి, దాని చివర వైట్ పాయింట్ గార్డెన్. వెనక్కి వచ్చేటప్పుడు మీటింగ్ స్ట్రీట్ మీదుగా రండి. 1808 నాటి నథానియెల్ రసెల్ హౌస్ అక్కడే. అందులో గోడను ఆనుకోకుండా మూడంతస్తులు గిర్రున తిరుగుతూ పైకెళ్లే మెట్లు చూడదగ్గవి. ఇంకొంచెం పైకి వస్తే బ్రాడ్ స్ట్రీట్ కూడలిలో సెయింట్ మైకేల్స్ చర్చి. ఆపైన చామర్స్ స్ట్రీట్, చివరికి సిటీ మార్కెట్. అంతా కలిపి రెండు మైళ్లు. ఇళ్లు ఆగి చూస్తే మధ్యాహ్నం అవుతుంది.

దారిలో ఇళ్లను గమనిస్తూ నడవండి. సన్నటి అంచు వీధి వైపు, పొడవాటి వరండాలు దక్షిణానికో పడమరకో ఉన్న ఇల్లు కనిపిస్తే అది చార్లెస్టన్ సింగిల్ హౌస్. వీధి వైపు ఒక్క గది వెడల్పే ఉంటుంది. సముద్రపు గాలి వరండాలోంచి ప్రతి గదికీ అందాలని అలా కట్టారు. వీధి తలుపు తెరిస్తే ఇంట్లోకి కాదు, వరండాలోకి పోతారు. కొన్ని గోడల మీద పళ్లెం అంత ఇనుప బిళ్లలు కనిపిస్తాయి. 1886 ఆగస్టు 31న వచ్చిన పెద్ద భూకంపం తర్వాత, పగిలిన గోడలు విడిపోకుండా ఇంటి ఆ గోడ నుంచి ఈ గోడకి ఇనుప కడ్డీలు దూర్చి బిగించారు. ఆ కడ్డీల చివర్లే ఈ బిళ్లలు. ఇన్ని పాత ఇళ్లు నిలిచి ఉండటానికి ఇంకో కారణం, 1931లోనే ఈ ఊరు పాత పేటను కాపాడే చట్టం చేసుకోవడం. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.

చెప్పుల సంగతి మరవొద్దు. చామర్స్ స్ట్రీట్ అంతా గుండ్రాళ్లు పరిచిన దారి, పేవ్‌మెంట్లు చెట్ల వేళ్లకు లేచి ఎగుడుదిగుడుగా ఉంటాయి. హీల్స్ వేసుకుంటే మడమ మెలిపడుతుంది. పట్టుచీర కట్టుకుని డిన్నర్‌కి వెళ్లాలన్నా సరే, కిందకి ఫ్లాట్స్ వేసుకోండి.

నాకు సెలవు జులైలోనే దొరుకుతుంది. మరీ అంత కష్టమా? – ఒక పాఠకుడు, రాలీ

వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. దానికి తేమ తోడై ఒంటికి వంద పైనే అనిపిస్తుంది. మన కాకినాడ మే నెల ఎరిగినవారికి కొత్తేం కాదు. పొద్దున ఏడు నుంచి పది దాకా నడవండి, పది నుంచి నాలుగు దాకా మ్యూజియంలు, సాయంత్రం మళ్లీ బయటికి. మధ్యాహ్నాలు ఉరుముల వాన తరచుగా పడుతుంది కాబట్టి తోటల టికెట్లు ఉదయానికే తీసుకోండి. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆ నెలల్లో గది బుక్ చేస్తే డబ్బు తిరిగొచ్చే రేటే తీసుకోండి, పదిహేను ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే.

వసంతంలో, శరదృతువులో వెళ్లేవారికి ఇంకో మాట. చిత్తడి నేలల దగ్గర కంటికి ఆనని చిన్న పురుగులు కుడతాయి, అక్కడివాళ్లు నో-సీ-అమ్స్ అంటారు. గాలి లేని ఉదయం, సాయంత్రం వేళల్లో మరీ ఎక్కువ. నిండు చేతుల బట్టలు, పురుగులను తరిమే పికారిడిన్ ఉన్న స్ప్రే దగ్గర ఉంచుకోండి.

మేం పూర్తి శాకాహారులం, గుడ్డు మాత్రం తింటాం. దక్షిణాది భోజనంలో మాకు ఏమైనా ఉంటుందా? – దంపతులు, అట్లాంటా

ఉంటుంది, కానీ అడిగే తీరు తెలియాలి. "ఇది వెజిటేరియనా?" అని ఒక్క ముక్కలో అడిగితే, పైకి మాంసం ముక్కలు కనిపించని ప్రతిదానికీ అవునని సమాధానం రావచ్చు. అక్కడ పంది మాంసం రుచి కోసం వేసే దినుసు, మన పోపులాగ. అందుకని విడివిడిగా అడగండి: బేకన్ ఉందా, హామ్ ఉందా, లార్డ్ అంటే పంది కొవ్వు వాడారా, చికెన్ స్టాక్‌తో ఉడికించారా? నాలుగు ప్రశ్నలు, నాలుగింటికీ సమాధానం రావాలి. వంటగదిలో కనుక్కుని చెప్పమంటే ఎవరూ చిరాకు పడరు.

ఎక్కడెక్కడ దొరికిపోతారో చెబుతాం. కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూరను గంటల తరబడి పంది కాలి ముక్కతో ఉడికిస్తారు. రెడ్ రైస్ అంటే టమాటా అన్నం, చూడటానికి మన టమాటా బాత్‌లాగే ఉంటుంది, కానీ బేకన్ కొవ్వులోనో సాసేజ్‌తోనో వండుతారు. బొబ్బర్లూ అన్నమూ కలిపి వండే హాపిన్ జాన్ కూడా అంతే. బెండకాయ సూప్ అని ఆశపడకండి, దాని రసమే మాంసంతో చేసింది. లైమా బీన్స్‌లో హామ్, కార్న్‌బ్రెడ్‌లో బేకన్ కొవ్వు ఉండే అవకాశం ఉంది. పచ్చి టమాటా వేపుడు ఇష్టపడతారు కానీ, రొయ్యలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో, పైన బేకన్ జామ్ వేస్తారేమో అడగండి. హష్ పపీస్ అనే మొక్కజొన్న పిండి పునుగులకీ ఇదే ప్రశ్న.

నిశ్చింతగా తినేవి: పిమెంటో చీజ్ (తురిమిన చెడ్డర్, మయొనైజ్, ఎర్ర మిరప కలిపిన ముద్ద), వెన్నతో చేసిన బిస్కట్లు (మన బిస్కట్లు కావు, మెత్తటి పొరల బన్నులు), బెనే వేఫర్లు. ఇవి నువ్వులతో చేసే పల్చటి తియ్యటి బిళ్లలు, సిటీ మార్కెట్‌లో రుచి చూపించి అమ్ముతారు. కింగ్ స్ట్రీట్ మీద క్యాలీస్ హాట్ లిటిల్ బిస్కట్‌లో పొద్దుటి టిఫిన్ అయిపోతుంది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ. నీళ్లు, పాలు, వెన్నతో చేస్తే మీకు సరిపోతుంది, కొన్నిచోట్ల చికెన్ స్టాక్ వాడతారు. రెస్టారెంట్‌కి బుక్ చేసేటప్పుడే నోట్స్‌లో "మాంసం, చేప, మాంసపు స్టాక్ వద్దు, గుడ్డు పాలు సరే" అని రాసిపెట్టండి. పెద్ద రెస్టారెంట్లలో చెఫ్‌లు ఆ వారపు కూరగాయలతో వెజిటబుల్ ప్లేట్ చేసిపెడతారు. ముందు చెబితే అది నిజంగా మంచి భోజనం. అక్కడికక్కడ చెబితే పక్కన పెట్టే సైడ్స్ నాలుగూ కలిపి తెస్తారు.

మేం అన్నీ తింటాం, గొడ్డు మాంసం తప్ప. తప్పకుండా తినాల్సినవేమిటి, ఇద్దరికి ఎంతవుతుంది? – ఒక పాఠకుడు, డాలస్

ష్రింప్ అండ్ గ్రిట్స్‌తో మొదలుపెట్టండి. రొయ్యలు పట్టేవాళ్ల పొద్దుటి తిండి ఇది, ఇప్పుడు ప్రతి మెనూలోనూ ఉంది. దాని గ్రేవీలో సాధారణంగా పంది హామ్ ఉంటుంది. బ్రౌన్ గ్రేవీ అయితే బీఫ్ స్టాక్ ఉందేమో అడగండి. రెండోది షీ-క్రాబ్ సూప్: ఆడ పీత మాంసం, దాని గుడ్లు, మీగడ, చివర్లో షెర్రీ అనే వైన్. చాలా చిక్కగా, కమ్మగా ఉంటుంది. గిన్నె కాదు, కప్పు చెప్పి ఇద్దరూ పంచుకోండి, లేకపోతే తర్వాత ఏమీ తినలేరు. 82 క్వీన్ దీనికి పేరున్న చోటు. మన నోటికి కారం చాలదనిపిస్తే బల్ల మీది హాట్ సాస్ ఉండనే ఉంది.

వీటికంటే మేం ముందు చెప్పేది పీత అన్నం, క్రాబ్ రైస్. ఇది గల్లా గీచీల వంట. తీరప్రాంతపు వరి పొలాల్లో బానిసలుగా పనిచేసిన పశ్చిమ ఆఫ్రికా వాళ్ల సంతతి వారు. తమ భాషను, వంటను నిలుపుకున్నారు. ఈస్ట్‌సైడ్‌లోని హానిబల్స్ కిచెన్ లాంటి చిన్న చోట్లలో మధ్యాహ్నం తినండి. ముస్తాబుకి, రిజర్వేషన్లకి పని లేదు, ధర పెద్ద రెస్టారెంట్లలో సగం కూడా ఉండదు. పైన చెప్పిన బొబ్బర్లు, బెండ, నువ్వులు ఆ ఊరి వంటలోకి వచ్చింది వీళ్ల ద్వారానే. చలికాలమైతే ఆల్చిప్పలు ఆవిరి పట్టి గుత్తులుగా బల్ల మీద కుమ్మరిస్తారు, కత్తీ గ్లవ్ ఇస్తారు. మీ చేత్తో మీరే విప్పుకు తినాలి.

ఖర్చు: మంచి రెస్టారెంట్‌లో మెయిన్ ఒక్కోటి 30 నుంచి 45 డాలర్లు. మెనూ ధరకి పన్ను, 20 శాతం టిప్ కలిపి దాదాపు 30 శాతం చేరుతుంది. మెనూ ప్రకారం 120 డాలర్లు తింటే జేబులోంచి 156 పోతుందని లెక్క వేసుకోండి. ఒక రాత్రి అలా, మిగతా పూటలు చిన్న చోట్లలో తింటే డబ్బూ కలిసొస్తుంది, రుచీ ఎక్కువ తెలుస్తుంది.

సిటీ మార్కెట్‌లోనే బానిసలను అమ్మేవారని విన్నాం. నిజమా? ఒక్క ప్లాంటేషన్ చూడటానికే టైముంది, ఏది చూడాలి? – ఒక పాఠకురాలు, కొలంబస్

సిటీ మార్కెట్‌లో అమ్మింది కూరగాయలు, మాంసం, చేపలు. మనుషులను అమ్మిన చోటు దానికి దక్షిణంగా కొద్ది దూరంలోనే ఉంది. మొదట్లో ఓల్డ్ ఎక్స్‌చేంజ్ భవనం పక్కన బహిరంగంగా వేలం వేసేవారు. 1856లో అక్కడ వీధి వేలాలను నగరం నిషేధించింది. దాంతో వ్యాపారం గోడల వెనక్కి, చామర్స్ స్ట్రీట్‌లోకి పోయింది. 1859 నాటి ఆ వేలంశాలే ఇప్పుడు ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం. చిన్నది, గంట చాలు.

ఇంకా తప్పనిసరి 2023 జూన్‌లో తెరిచిన ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. ఉత్తర అమెరికాకు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో దాదాపు 40 శాతం మంది చార్లెస్టన్ రేవులో దిగారని అంచనా. వారిలో ఎందరో కాలుపెట్టిన గాడ్స్‌డెన్స్ వార్ఫ్ స్థలంలోనే ఈ మ్యూజియం కట్టారు. ఆ నేలను ఆక్రమించకూడదని భవనాన్ని స్తంభాల మీద పైకెత్తి నిలిపారు. కింద తోటలో, ఓడ అడుగున పక్కపక్కనే పడుకోబెట్టిన మనుషుల ఆకారాలు నేల మీద చెక్కి ఉన్నాయి, నీళ్లు వాటిని కప్పుతూ తీస్తూ ఉంటాయి. తోటకి టికెట్ లేదు. లోపలికి టైము ప్రకారం టికెట్, సోమవారం సెలవు. మూడు గంటలు కేటాయించండి. పెళ్లిరోజు ప్రయాణంలో ఇది బరువుగా ఉంటుందని కొందరు వదిలేస్తారు. ఆ రంగుల ఇళ్లు, ఆ తోటలు ఎవరి చెమటతో లేచాయో తెలుసుకోకుండా తిరిగితే ఊరిని సగమే చూసినట్టు. మాకు దీని మీద రెండో ఆలోచన లేదు.

ప్లాంటేషన్ల సంగతి, అంటే బానిసల చేత సాగు చేయించిన పెద్ద ఎస్టేట్లు. ఫొటోల్లో ఎక్కువ కనిపించేది బూన్ హాల్, 1743లో నాటిన ఓక్ చెట్ల దారి ఉన్నది. కానీ అక్కడి పెద్ద ఇల్లు 1936లో కట్టింది. బానిసల ఇటుక గుడిసెలు మాత్రం అసలువే. తోటలే ముఖ్యమనుకుంటే మిడిల్టన్ ప్లేస్, 1741లో మొదలైన తోట. ఊరికి 14 మైళ్లు, సగం రోజు కావాలి. తీరిక రెండు గంటలే అయితే జేమ్స్ ఐలండ్ మీది మెక్లౌడ్ ప్లాంటేషన్‌కి వెళ్లండి, ఊరి నుంచి పావుగంట. అక్కడ కథ పెద్దింటి నుంచి కాక, బానిసలు బతికిన చెక్క గుడిసెల వైపు నుంచి చెబుతారు. 45 నిమిషాల గైడెడ్ టూర్ టికెట్‌లోనే ఉంటుంది.

మా ఎంపిక మిడిల్టన్. మన రైతు కుటుంబాల వాళ్లకి అక్కడి నమూనా వరి మడి దగ్గర కాళ్లు ఆగిపోతాయి. పండిన ఊక బంగారు రంగులో ఉంటుంది కాబట్టి ఆ వరికి కరోలినా గోల్డ్ అని పేరు. సముద్రం పోటెక్కినప్పుడు నదిలో మంచినీటి మట్టం పైకి లేస్తుంది. గట్లకి అమర్చిన చెక్క తూములు తెరిచి ఆ నీటిని మడుల్లోకి పారిస్తారు, ఆటు సమయంలో తూము మార్చి నీరు తీసేస్తారు. మోటారు లేదు, ఏతం లేదు. తూము తప్పు సమయంలో తెరిస్తే ఉప్పునీరు వచ్చి పంట పోతుంది. వరి పండించే నేర్పు పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలదే. గట్లు పోసింది, మోకాలి లోతు బురదలో చచ్చింది వాళ్లే. ఆ విత్తనం 20వ శతాబ్దంలో దాదాపు కనుమరుగై, 1980లలో మళ్లీ సాగులోకి వచ్చింది. చిన్న సంచి కొనుక్కోండి. ధర బాస్మతి కంటే చాలా ఎక్కువ, కానీ ముద్దగా వండి నెయ్యి వేసుకుంటే దాని కమ్మదనం తెలుస్తుంది.

గుర్రబ్బండి టూర్ తీసుకోవచ్చా? రెయిన్‌బో రో చూపిస్తారా? – ఒక పాఠకుడు, నాష్‌విల్

చూపించకపోవచ్చు. ఒకే వీధిలో బళ్లన్నీ గుమిగూడకుండా నగరపాలన దారులను జోన్లుగా విభజించింది. బండి బయల్దేరేటప్పుడు లాటరీ తీసి ఏ జోన్ వస్తే అటే పోవాలి. మీరు అడిగినా, టిప్ ఇస్తామన్నా మార్చరు. గంటసేపు నడుస్తుంది, మోకాళ్ల నొప్పులున్నవారికి మంచిదే. గుర్రాలు, కంచరగాడిదలు లాగుతాయి, వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే బళ్లు ఆపేస్తారు. కాబట్టి వేసవిలో మొదటి బండికే వెళ్లండి.

వాన లేకపోయినా రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయని చదివాం. కారుతో ఏం చేయాలి? – దంపతులు, షార్లెట్

నిజమే. పాత ఊరు చాలావరకు పల్లం, కొంత భాగం వాగులు, చిత్తడి పూడ్చి కట్టింది. హార్బర్‌లో పోటు మట్టం 7 అడుగులకు చేరితే మార్కెట్ పరిసరాలు, లాక్‌వుడ్ డ్రైవ్, ఆసుపత్రుల వైపు వీధుల్లోకి మురుగు కాల్వల గుండా నీళ్లెక్కుతాయి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ, ముఖ్యంగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఎక్కువ. పోటుకి పెద్ద వాన తోడైతే నీరు పోయే దారి ఉండదు. వెళ్లేముందు చార్లెస్టన్ హార్బర్ టైడ్ చార్టు చూసుకోండి. పోటు పూర్తిగా ఎక్కే వేళకి ముందు వెనక గంటన్నర, రెండు గంటలు కారు కదపకండి. ఆ నీళ్లు ఉప్పునీళ్లు, అందులో నడిపితే కారు కింది భాగం, బ్రేకులు తుప్పు పడతాయి. తప్పనిసరై వెళ్తే ఆ రోజే అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి.

కారు గరాజ్‌లో రెండో అంతస్తులోనో ఆ పైనో పెట్టి మరిచిపోండి. హోటల్ వాలెట్ పార్కింగ్ రాత్రికి 50 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, నగర గరాజ్‌లు అంతకంటే తక్కువ. బ్రాడ్ స్ట్రీట్ దిగువ ఇళ్ల వీధుల్లో పర్మిట్ లేని కారుకి గంటో రెండు గంటలో మాత్రమే అనుమతి. బోర్డు చదవకుండా వదిలి వెళ్తే చలానా తప్పదు. ఊరిలో డ్యాష్ బస్సులు ఉచితం, మీటింగ్ స్ట్రీట్‌లోని విజిటర్ సెంటర్ దగ్గర ఎక్కవచ్చు.

ఫోర్ట్ సమ్టర్‌కి సగం రోజు పోతుంది కదా, వెళ్లాలా? గడ్డి బుట్టలకి బేరమాడొచ్చా? – ఒక పాఠకురాలు, అట్లాంటా

1861 ఏప్రిల్ 12న అమెరికా అంతర్యుద్ధపు తొలి కాల్పులు జరిగింది ఆ కోట మీదే. చరిత్ర ఇష్టమైతే వెళ్లండి. లిబర్టీ స్క్వేర్ నుంచి పడవ, రానూపోనూ కలిపి రెండుంపావు గంటలు, అందులో కోట మీద గడిపేది గంట. పొద్దుటి మొదటి పడవలో వెళ్తే జెండా ఎగరేయడంలో సందర్శకులనూ చేయి వేయనిస్తారు. మీ వారికి చరిత్ర మీద ఆసక్తి లేకపోతే, ఆ పూట రావెనెల్ వంతెన మీద నడకదారిలో మధ్య దాకా వెళ్లి రండి. ఖర్చు లేదు, హార్బర్ అంతా కనిపిస్తుంది.

బుట్టలకి మాత్రం బేరం వద్దు. స్వీట్‌గ్రాస్, బుల్‌రష్, పైన్ ఆకులు చుట్ట చుట్టి, పామెట్టో తాటాకు పట్టీతో కుట్టుకుంటూ పోతారు. చిన్న బుట్టకే గంటలు, పెద్దదానికి వారాలు పడుతుంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి తల్లులు కూతుళ్లకు నేర్పుతూ వచ్చిన పని. చిన్నవి పదుల డాలర్లలో, పెద్దవి వందల్లో ఉంటాయి. కొనేముందు కుట్లు దగ్గరగా, సమానంగా ఉన్నాయా, అడుగు బల్లపరుపుగా కూర్చుంటుందా చూడండి. అల్లుతున్నవారిని ఫొటో తీయాలంటే ముందు అడగండి. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి, గాలి తగలకపోతే బూజు పడుతుంది. దుమ్ము పడితే చల్లటి నీళ్లలో మెల్లగా కడిగి నీడన ఆరబెట్టండి.